రాక్షసుడి ఇల్లు

పిల్లల కోసం ఒక జానపద నవల రాస్తున్నాను. మొన్న రాత్రి కథలోకి రాక్షసుడొచ్చాడు. ‘కాటుక కొండలా నల్లగా...’ అంటూ కలం దానంతటదే నడిచింది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. మా నాన్నదీ అదే రంగు. నలభై ఏళ్లు ఎండలో నాగలి పట్టిన మనిషి. చిన్నప్పుడు కథల పుస్తకంలో రాక్షసుడి బొమ్మ చూపించి ‘అచ్చం మీ నాన్నే’ అని తోటిపిల్లలు నవ్వితే, ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడు అదే బొమ్మ నా చేత్తో గీస్తున్నాను.

‘బాహుబలి’ (2015)లో కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి అనే భాషనే సృష్టించారు. శత్రువుకు భాష ఇవ్వడం చిన్న సంగతేం కాదు. అయితే మనం వాళ్లను చూసింది యుద్ధభూమిలోనే, ఒంటినిండా మసిరంగుతోనే. కిలికిలో జోలపాట ఎలా ఉంటుందో మనకు తెలియదు. వాళ్ల ఊరు చూడలేదు కనుకే, గుంపులు గుంపులుగా కూలిపోతుంటే హాల్లో ఈలలు మోగాయి. నేనూ చప్పట్లు కొట్టాను.

1957లోనే ‘మాయాబజార్’ మనల్ని రాక్షసుల ఇంట్లోకి తీసుకెళ్లింది. అక్కడ తల్లి మాట జవదాటని ఘటోత్కచుడున్నాడు, పాఠం చెప్పే గురువున్నాడు, నోరు తిరగని శిష్యులున్నారు. పింగళి నాగేంద్రరావు ‘అసమదీయులు, తసమదీయులు’ అనే మాటల్ని వాళ్ల నోటే పలికించారు. మనవాళ్లు, పరాయివాళ్లు అనే లెక్క రాక్షసులకూ ఉంది. ఆ లెక్కలో పరాయివాళ్లు కౌరవులు, అంటే మనుషులు.

ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968)లో నాయకుడు గెడ్‌ది రాగిరంగు. అతని ఊరి మీదపడి దోచుకునే కార్గులు తెల్లవాళ్లు. రంగులు తారుమారు చేసి ఆమె ఊరుకోలేదు. ఆ వరుసలో 1971లో వచ్చిన రెండో నవలను కార్గుల గడ్డమీదే, తెనార్ అనే కార్గు పిల్ల వెంట నడిపించింది. ఆ నవల మొదలయ్యేదే సాయంత్రం వేళ తల్లి ఆ పిల్లను ఇంటికి రమ్మని పిలిచే పిలుపుతో. ఆ కేక విన్నాక కార్గుల్ని గుంపుగా చూడటం మనవల్ల కాదు.

శత్రువుకు లేని మంచితనం అంటగట్టక్కర్లేదు. ఒక ఇల్లు ఇస్తే చాలు.

నా వాక్యం కొట్టేశాను. రాక్షసుడిప్పుడు గుహ ముందు కూర్చుని కూతురి జుట్టు చిక్కు తీస్తున్నాడు. ఊళ్లో పశువుల్ని ఎత్తుకుపోవడం మానలేదు. రాకుమారుడితో పోరూ తప్పదు. అందులో వాడు పడిపోతే, సగం చిక్కు తీసిన జుట్టుతో ఒక పిల్ల గుహ ముందు ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పేజీ తిప్పడానికి నా పాఠకుడికి చెయ్యి రాకూడదు.