మహాప్రస్థానమున భ్రాతృశోకము

పాండవులు ఉత్తరదిశగా నడచుచుండగా ఒక్కొక్కరే నేలకొరగుటయు, ధర్మరాజు వెనుదిరిగి చూడకయే సాగిపోవుటయు మహాప్రస్థానిక పర్వమున సుప్రసిద్ధమైన ఘట్టము. దీనిని వైరాగ్యమునకు పరాకాష్ఠగా జెప్పి ముగించుట మన తరగతులలో వాడుక. పడిన తమ్ముని విడిచి నడచిపోయిన అన్నకు శోకమే లేదా యని విద్యార్థి యడిగినచో ఈ సమాధానము చాలదు. ఇది శోకమును జయించినవాని నడక కాదనియు, శోకమును మోయుచున్నవాని నడక యనియు మా యభిప్రాయము.

ధర్మజుని భ్రాతృశోకము ఈ పర్వమున బుట్టినది కాదు. యుద్ధానంతరము మృతులకు తిలోదకములు విడుచు వేళ, కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని కుంతి వెల్లడించినప్పుడే యది పుట్టినది. అంతట నాతడు రాజ్యము వలదనెను, అడవికి బోవుదుననెను. తమ్ములు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు అందఱును వారించిరి. శాంతిపర్వమున భీష్ముడు చేసిన సుదీర్ఘోపదేశమంతయు ఒక విధముగా ఆ వారింపునకు పొడిగింపే. అయినను బయలుదేరవలెనను కోరిక నశింపలేదు. 36 ఏండ్లు ఏలుబడి క్రింద నణగియుండినది. ప్రథమశోకమునకు దొరకని ప్రయాణమే మహాప్రస్థానమున దొరకినదని మేము తలచుచున్నాము.

ఇచ్చట నొక స్థలమును స్మరింపవలసియున్నది. విశాఖపట్టణ ప్రాంతమందలి పద్మనాభమున కొండమీద అనంతపద్మనాభస్వామియు, కొండ దిగువన కుంతీమాధవస్వామియు వెలసియున్నారు. పాండవుల వనవాసముతో ముడివడిన ఐతిహ్యమొకటి యచ్చట ప్రచారమున గలదు. భారతము ననుసరించి వనవాసకాలమున కుంతి విదురుని యింటనే యుండెను. జనశ్రుతికి మాత్రమది యడ్డురాలేదు. తల్లిని బిడ్డలకు దూరము చేయుట దానికి రుచింపలేదు కాబోలు. ఆ పద్మనాభముననే 1794 జూలై 10న కుంపిణీ సేనతో బోరి విజయనగర ప్రభువు చిన విజయరామరాజు మరణించెను. అంతకుముందు దివానుగా నధికారము నెఱపిన సీతారామరాజు ఆతని యన్న. ఆ యన్నదమ్ముల చరిత్ర వేఱొక వ్యాసమునకు దగినది.

ప్రస్థానపు తీరును పరిశీలింతము. నేడు పాశ్చాత్యదేశములలో తోబుట్టువును గోల్పోయినవారు కొందఱు పడకయు పొయ్యియు నమర్చిన మోటారుబండిలో నెలల తరబడి దేశము తిరుగుదురు. దుఃఖము వెంటనుండును, ఇల్లును వెంటనుండును. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యయు, ఆతనిది శోకయాత్ర కాకపోయినను, పల్లకీలతో, గుడారములతో, పరివారముతో ఇంటిని నడిపించుకొనియే పోయెను. పాండవులు చేసినది దీనికి విపరీతము. నారచీరలు గట్టి, తమ యగ్నులను నీట విడిచిరి. గృహస్థునకు అగ్నియే యిల్లు. దానిని చల్లార్చిన పిదప మరలివచ్చుటకు వాకిలి లేదు. అర్జునుడొక్కడు గాండీవమును విడువలేకపోయెను. అగ్నిదేవు డెదురుపడి యడిగిన గాని అది సముద్రగతము కాలేదు. పోయిన కాలమునకు గుఱుతుగా నొక్క వస్తువు నైనను పట్టుకొని నడచుట శోకార్తుల స్వభావము. వ్యాసుడు దాని నెఱుగును. తూర్పున మొదలిడి, దక్షిణపశ్చిమములు చుట్టి, మునిగిన ద్వారకను జూచి, వారు ఉత్తరమునకు దిరిగిరి.

ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు వరుసగా బడినపుడు ప్రతిసారియు కారణ మడిగినవాడు భీముడు. ఆ ప్రశ్నలే యీ ఘట్టమునకు బ్రాణము. ధర్మరాజు ఒక్కొక్కరి దోషమును జెప్పును. ఆ యుత్తరములు కఠినములే. కాని, ఏడ్చుటకు నిలిచినచో నడువలేని వాడు చెప్పు మాటలవలె నున్నవి. తుదకు భీముడును బడి తన్ను గూర్చియే యడుగును. ఆపై నడుగువారు లేరు. కుక్క యొక్కటి వెంట నడచును.

ఇంద్రుడు రథము దెచ్చినపుడు ధర్మరాజు నోట వెడలిన తొలిమాట తమ్ములను గూర్చినదే. వారు లేని స్వర్గము తనకు వలదనెను. వ్యాసు డాతని నచ్చట శోకసంతప్తుడనియే పేర్కొనెను. వైరాగ్యపక్షమువారు ఈ విశేషణమును దాటిపోవుట మాకు విస్మయము. కుక్కను విడువుమని చెప్పుచు, తమ్ములనే విడిచితివి గదా యని యింద్రు డాక్షేపించినపుడు, మృతులను బ్రతికింప నా వశము గాదు, బ్రతికియుండగా వారిని నేను విడువలేదని ధర్మజుడు బదులు చెప్పెను. వెనుదిరిగి చూడకపోవుటకు గ్రంథమే యిచ్చిన సమాధాన మిది.

విరాటము మొదలు పదునైదు పర్వములు దెనిగించిన తిక్కన మహాప్రస్థానిక స్వర్గారోహణ పర్వములను ఒక్కొక్క యాశ్వాసముననే ముగించెను. ఈ రెంటిని విడదీసి పాఠ్యముగా నిర్ణయించుట వలననే పై యపోహ బలపడినదని మా నమ్మకము. మూలమున స్వర్గారోహణమును జదివిన గాని మొదటి ప్రశ్నకు ముగింపు దొరకదు. స్వర్గమున దుర్యోధనుని వైభవము జూచి రోసి, ధర్మజుడు తనవారు కనబడరేమని యడుగుచు, ముందుగా కర్ణుని దలచెను. ఆతని పాదములు తల్లి పాదములవలె నుండుట చూచియు నాడాతని చెంత జేరనైతినని వగచెను. పిమ్మట నరకమున ఆర్తధ్వనులు విని, మీరెవరని యడుగగా, నేను కర్ణుడనను సమాధానము వినవచ్చెను. ధర్మరాజు దూతను మరలిపొమ్మని, తానచ్చటనే నిలిచెను.