ఫ్రేములోంచి తప్పించిన కరెంటు స్తంభం

ఉత్తరాఖండ్ కొండల్లో జనం ఖాళీ చేసిన పల్లెలకు ‘భూతియా గావ్’ అన్న పేరు స్థిరపడింది. దెయ్యాల ఊళ్లు. ఆ పేరు విని వెళ్లిన కెమెరా పొగమంచునూ, కూలిన కప్పునూ, గోడను చీల్చుకొచ్చిన చెట్టునూ వెతుక్కుంటుంది. కరెంటు స్తంభం అడ్డొస్తే ఫొటోగ్రాఫర్ రెండడుగులు పక్కకు జరుగుతాడు. నా అభ్యంతరం ఆ రెండడుగుల మీదే. స్తంభం లేని ఫొటోలో ఊరు ఏనాడో పాడుబడ్డట్టు, దానికి కాలమే కారణమైనట్టు కనిపిస్తుంది. రాష్ట్ర వలసల కమిషన్ 2018 నివేదిక చెప్పేది వేరు. 2011 తర్వాతే 734 ఊళ్లు నిర్మానుష్యమయ్యాయి. కొండల నుంచి సాగిన వలసల్లో దాదాపు సగానికి కారణం ఉపాధి లేకపోవడం. చదువు, వైద్యం ఆ తర్వాతివి. తీగ వచ్చినా బతుకుతెరువు రాని ఊరది. ఆ సంగతి చెప్పగలిగే సాక్షి ఆ స్తంభమే.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది: శాశ్వతంగా వెళ్లిపోయినవాళ్లు సుమారు 1.19 లక్షలైతే, తాత్కాలికంగా వెళ్లినవాళ్లు 3.83 లక్షలకు పైనే. అంటే చాలా తలుపులకు ఉన్నది తాళమే, తెగతెంపులు కావు. ఆ రాష్ట్రంలోని గఢ్వాల్ ప్రాంతంలో పాతకాలపు ఇంటి పైకప్పు పలకరాళ్లది. ఒక్క పలక జారితే వాన దిగుతుంది, దూలం కుళ్లుతుంది, చివరికి గోడా నిలవదు. పక్కపక్క ఇళ్లలో ఒకటి నేలమట్టమై, రెండోది నిటారుగా ఉందంటే, ఎవరో వచ్చి పలకలు సర్ది వెళ్తుండవచ్చు. కూలినదాన్ని మాత్రమే తీసిన ఫొటో ఆ మనిషి శ్రమను చెరిపేస్తుంది.

ఫొటో నివేదిక కాదు, అందం లేకపోతే ఎవరూ చూడరు అంటారు. నిజమే, అందం కావాలి. చెక్కడపు పని చేసిన తిబారీ (ఇంటి ముందు వసారా) స్తంభాల్లో, కొండవాలున మెట్లుమెట్లుగా దిగే పొలాల్లో అది కావలసినంత ఉంది. దానికోసం దేన్నీ దాచనక్కర్లేదు. అంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: తాళం చూపిస్తే దొంగకు దారి చూపినట్టే కదా? ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. అందుకే ఊరి పేరు, దారి గుర్తులు రాయకూడదు. జిల్లా పేరు, తీసిన నెల చాలు. నెల తప్పనిసరి. కులదేవత పూజకు కుటుంబాలు తిరిగొచ్చే రోజుల్లో తాళం కనిపించిన వాకిట్లోనే పొయ్యి వెలుగుతూ ఉండవచ్చు.