బొట్టుబిళ్ళంత తెలుపు

మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు బొల్లి మచ్చ మధ్యలో, వెంట్రుక మొదట్లో, నువ్వుగింజంత గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. పోనుపోను అలాంటివి పదీ ఇరవై లేచి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇన్నేళ్లు చర్మవైద్యం చేసినా, ఆ మొదటి చుక్క చూసిన రోజు నాకిప్పటికీ పండగే. రంగుకణాలకు విత్తనాల్లాంటివి రోమకూపాల్లో దాగి ఉంటాయి. అందుకే ముఖం తొందరగా కోలుకుంటుంది, వెంట్రుకలు లేని పెదవులూ వేలికొసలూ మొండికేస్తాయి.

నా శిష్యురాలు రాసిన ఈ పుస్తకంలో ఆ చుక్క వెనకున్న శాస్త్రమంతా ఉంది.

పోయిన రంగును ఎలా రప్పించాలన్నదే మా తరం తాపత్రయం. మన బావంచాలలో ఉండే సొరాలెన్ జాతి మందునే 1940లలో కైరోలో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు మరో మొక్క నుంచి తీసి, ఎండతో జోడించి వాడారు. మేమూ బిళ్ళలిచ్చి ఎండలో కూర్చోబెట్టాం. కొందరికి రంగొచ్చింది, కొందరికి బొబ్బలెక్కాయి. తర్వాత వచ్చిన న్యారోబ్యాండ్ యూవీబీ ఆ బాధ చాలావరకు తప్పించింది. ఇప్పటివాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి, ఒంటిని కాపాడాల్సిన టి కణాలు రంగుకణాల మీదే ఎందుకు పడుతున్నాయని అడుగుతున్నారు. వాటిని మచ్చ దగ్గరికి రప్పించేది ఇంటర్‌ఫెరాన్ గామా అని తేలింది. ఆ కబురు కణంలోకి చేరకుండా అడ్డుపడేవే జాక్ నిరోధకాలు. 2022లో అమెరికా 12 ఏళ్లు నిండినవారికి ఆ జాతిదే అయిన రుక్సోలిటినిబ్ క్రీమును అనుమతించింది. పరీక్షల్లో 24 వారాలకు ముఖంమీది బొల్లి ముప్పాతిక వంతు తగ్గింది సుమారు 30 శాతం మందికే. ఈ అంకెను దాచకుండా రాసినందుకు అమ్మాయిని మెచ్చుకుంటున్నాను. మందు ఆపాక పాతచోటే మచ్చ తిరగబెట్టడానికి చర్మంలో తిష్ఠవేసిన జ్ఞాపక టి కణాలు కారణమని చెప్పే అధ్యాయం రెండుసార్లు చదివాను.

బొట్టుబిళ్ళల అధ్యాయం దగ్గర మాత్రం పుస్తకం పక్కన పెట్టేశాను. ఒకావిడ గుర్తొచ్చింది. నా ఎదుట కూర్చుని, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, నుదుటి బిళ్ళ ఒలిచింది. కింద అచ్చం బిళ్ళంత తెల్లటి గుండ్రం. కొన్ని బిళ్ళల జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ రంగుకణాలను చంపేస్తుంది. ఆ మచ్చ కనబడకుండా ఆమె ఇంకా పెద్ద బిళ్ళ పెట్టుకుంటోంది. చేపలు తిని పాలు తాగినందుకే ఇలా అయిందని ఎవరో చెప్పగా, మూడేళ్లుగా చేప ముట్టలేదట. ఆ మాట నిజం కాదని, ముందు బిళ్ళ మానేసి కుంకుమ పెట్టుకోమని చెప్పాను. అప్పుడామె చేతిలో ఇలాంటి పుస్తకం పెట్టగలిగితే ఎంత బాగుండేదో!

పుస్తకంలో చర్మం అతికే శస్త్రచికిత్సకు ఇచ్చిన పేజీలు మాత్రం చాలవు. రెండో ముద్రణలో పెంచమని నా శిష్యురాలిని అడిగాను, ఒప్పుకుంది.