పాటెయ్యకు, ముందు విననీ

నల్లపాడు జంక్షన్ అవతల, కోల్డ్ స్టోరేజీలు దాటాక ఒక రేకుల షెడ్డు. లోపల పెళ్లి కుర్చీలు, చుట్టిపెట్టిన షామియానాలు, గోడవారగా నాలుగు పాత స్పీకర్లు. వాటి పక్కన బల్ల మీద నేను చూడ్డానికొచ్చిన మిక్సర్. పన్నెండు చానళ్లది, అనలాగ్. కుర్రాడు గబగబా ఫోనుకి తీగ తగిలించి, "పాటెయ్యమంటారా బాబాయ్?" అన్నాడు.

"పాటెయ్యకు నాన్నా. ఏమీ పెట్టకుండా ఆన్ చెయ్యి, ముందు విననీ" అన్నాను.

పాత మిక్సర్‌ని పాట విని కొనకూడదు. పాట లోపాల్ని కప్పేస్తుంది. అందుకే ఏ జాక్‌లోనూ ఏదీ గుచ్చకుండా, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మాస్టర్‌ని మామూలుగా వాడే చోటికి తెచ్చి, ఒక్కో చానలూ లేపుతూ వింటాను. సన్నగా 'స్' మని వినిపిస్తే భయం లేదు, అది ఏ మిక్సర్‌కైనా ఉండేదే. దాని కింద మూలుగులా హమ్ ఉందంటే పవర్ సప్లయిలో కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూసుకోవాలి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. రెక్టిఫయర్ దాటేసరికి ఆ ఊపు 100 అవుతుంది. దాన్ని అణచి నున్నగా చేసేవి ఈ కెపాసిటర్లే. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడుతుందని మెకానిక్కుల లెక్క. రోహిణి కార్తెలో రేకుల కింద పడున్న మిక్సర్‌ని కొనేవాడు ఆ లెక్క మరిచిపోకూడదు.

వేడి తర్వాత దుమ్ము. సీజన్‌లో మిర్చి కోరు గాలిలో తిరుగుతుంది, జిన్నింగ్ మిల్లుల నుంచి దూది నూగు ఎగురుతుంది. రెండూ ఫేడర్ సందుల్లోంచి లోపలికి దిగుతాయి. ఇక్కడ మూత విప్పితే తుమ్ములు రాని మిక్సర్‌ని నేను చూడలేదు. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాలి. పోయిందా, అది దుమ్ము. పోలేదా, లోపల కార్బన్ పట్టీ అరిగినట్టు. అప్పుడు విడిభాగం దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే బేరం మొదలెట్టాలి.

ఈ మిక్సర్‌లో హమ్ లేదు. ఫాంటమ్ పవర్ వేసి ప్రతి మైకు సాకెట్‌లోనూ మీటర్ పెట్టి చూశాను, అన్నిట్లోనూ 48 వోల్టులకి దగ్గరగానే ఉంది. పైన వేళ్లతో తట్టాను. లోపల డ్రై సోల్డర్ ఉంటే ఆ తట్టుకి టపటపమంటుంది, ఇది అనలేదు. గంటసేపు ఆన్‌లోనే ఉంచమన్నాను, కొన్ని జబ్బులు ఒళ్లు వేడెక్కాకే బయటపడతాయి కనక.

ఆ గంటలో చూశాను, ఫేడర్ల కింద అంటించిన తెల్ల ప్లాస్టర్ పట్టీని. బాల్‌పెన్నుతో రాసి ఉంది: కథ, వంత, వంత, హార్మనీ. తక్కిన ఎనిమిదీ ఖాళీ. మొదటి మూడింటి పక్కన అచ్చేసిన అంకెలు వేళ్లకి అరిగి కనపడకుండా పోయాయి.

"మా నాన్నది బాబాయ్. బుర్రకథలకి మైకు కట్టేవాడు."

బుర్రకథకి మైకు కట్టడం తేలిక కాదు. కథకుడు తంబుర భుజానేసుకుని, చేతి అందెలు మోగిస్తూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తాడు. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే అందే శబ్దపీడనం సగమవుతుంది. అతని అడుగుతో పాటు ఇక్కడ వేలు కదలాలి. అటూ ఇటూ వంతల డక్కీలు గుమ్మంటుంటే ఆ గుమ్మును వాళ్ల నోటి మైకుల్లో లో-కట్‌తో తగ్గించాలి, మాట మాత్రం పలచబడకూడదు. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ప్రజానాట్యమండలిలో ఈ కళని ఊరూరా నడిపించాడు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి కథ చెప్పింది ఆయనే. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుట్టిన నేల మీద ఆ కళకి మైకు కట్టడాన్ని నేను గౌరవంగా భావిస్తాను.

డిజిటల్ మిక్సర్ గొప్పదే. ఒకసారి కుదిర్చిన అమరికని గుర్తుపెట్టుకుంటుంది. కాని కథ రేపు ఇవాళ్టిలా నడవదు. చీకట్లో, చూపు కథకుడి పాదాల మీదుండగా, చెయ్యి తానుగా వెళ్లి పడే చోట నాబ్ ఉండాలి. నాకు అనలాగ్ కావలసింది అందుకే.

గంటయ్యాక మళ్లీ విన్నాను. నిశ్శబ్దం చెడలేదు. రెండో ఫేడర్, మూడో ఫేడర్ క్లీనర్‌తో బాగుపడ్డాయి. 'కథ' మాత్రం గరగర వదల్లేదు. కుర్రాడి ముఖం చిన్నబోయింది. పన్నెండో చానల్ చూపించాను. ఎవరూ ముట్టుకోని ఫేడర్, మొదటి దాని కొలతే. దాన్ని తీసి ఇక్కడ వేస్తే సరి. ఈ రకంలో చానల్‌కో కార్డు విడిగా ఉంటుంది, మెకానిక్‌కి ఒక పూట పని. తొమ్మిది వేలు అడిగాడు, ఎనిమిదికి కుదిరింది. ఆ వెయ్యి మెకానిక్ కూలికని విప్పి చెప్పాను. లోపం చూపించకుండా ధర తగ్గించమని అడగడం నాకు చేతకాదు.

మొన్న ఒక గుడి ముందు దాన్ని మొదటిసారి పెట్టాను. ప్లాస్టర్ పట్టీ తీయలేదు, పేర్లు మార్చాల్సిన అవసరం రాలేదు. కథకుడు ఒక చోట ఆగాడు. వంతలు అందుకునే లోపు అరక్షణం. నాలుగు స్పీకర్లలోంచి హమ్ లేదు, గరగర లేదు. ఆయన ఊపిరి తీసుకోవడం చివరి వరసదాకా వినిపించింది.