వెండిపై వారసత్వం: అగస్టస్ నాణెపు చిత్రణ - ఒక పరిశీలన

దక్కనులో దొరికిన రోమన్ వెండి నాణేలలో అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల డెనారియస్‌లదే అగ్రస్థానం. నల్గొండ జిల్లా అక్కనపల్లి నిక్షేపంలోనే ఇవి పదిహేను వందలకు పైగా ఉన్నాయి. వీటిని వర్తక సాక్ష్యాలుగా లెక్కించినంత మాత్రాన అధ్యయనం ముగియదు. వాటిపై బొమ్మలనూ చదవవలసి ఉంది.

అగస్టస్ నాణెం క్రీ.పూ. 2 ప్రాంతం నుండి లుగ్డునం, అనగా నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ టంకశాలలో ముద్రితమైనది. ముందువైపు పత్రమాల ధరించిన చక్రవర్తి శిరస్సు, చుట్టూ ‘దేశపిత’ బిరుదు. వెనుకవైపు ఆయన మనుమలూ దత్తపుత్రులూ అయిన గాయస్, లూసియస్. వారి నడుమ రెండు డాళ్లు, రెండు ఈటెలు. పైన పురోహితుని గరిటె, శకునజ్ఞుని వంకీకర్ర. సుమారు 18 మిల్లీమీటర్ల బిళ్లపై ఇంత సామగ్రిని తూకం చెడకుండా కూర్చిన నేర్పు మెచ్చదగినది. అయితే ఆ తూకమే బొమ్మను నిర్జీవం చేసింది. అన్నదమ్ములలో ఎవరెవరో ముఖం చెప్పదు. పదవి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో మరణించారు. వారు ఏలని రాజ్యపు వార్తను నాణెం మాత్రం సముద్రాలు దాటించి దక్కనుకు తెచ్చింది. అనిత్యతకు ఇంతకన్న స్పష్టమైన లోహఫలకం అరుదు. సింహాసనమెక్కిన టిబెరియస్ తన నాణెం వెనుక రాజదండమూ కొమ్మా పట్టి కూర్చున్న స్త్రీమూర్తిని నిలిపి, పాలన పొడవునా దాదాపు మార్పులేక కొనసాగించాడు. ఆమెను తల్లి లివియాగా పలువురు గుర్తించినా, నాణెంపై ఆమె పేరు లేదు.

అక్కనపల్లి నాణేలలో అనేకం గాట్లు పడినవి. వెండిపూత మోసాన్ని పసిగట్టే పరీక్ష అని ఒక వివరణ. పరప్రభువు అధికారాన్ని రద్దుచేసే గుర్తు అని మరొకటి. పరీక్షకైతే గాటు ఎక్కడ పెట్టినా చాలును. చక్రవర్తి శిరస్సునే చీల్చిన గాటుకు మొదటి వివరణ ఒక్కటే చాలదు. ఏది నిజమైనా, ఇక్కడ మన్నన పొందినది లోహమే గాని బింబం కాదు.

వెండి బంగారాల స్వీకారం భిక్షువులకు నిషిద్ధం. వైశాలి సంగీతిలో వివాదాస్పదమైన పది అంశాలలో అదొకటి. అందుచేత బౌద్ధ క్షేత్రాల చరిత్రకారునికి నాణెం ఏ చేతులు దాటినదన్న ప్రశ్న అప్రధానం కాదు. ఆ చేతుల జాడ గాటులోనే ఉన్నది. దానిని ‘దెబ్బతిన్నది’ అని ఒక్క మాటతో నమోదు చేయుట పొరపాటు. ఏ వైపున, ఏ అవయవంపై, ఏ దిశలో పడినదో వ్రాయవలెను. రోము చెక్కిన బొమ్మకు దక్కను ఇచ్చిన సమాధానం అదే.