పొరుగు కథ, దూరపు దారి

2025 మే 20వ తేదీన లండను నగరంలో ఒక కన్నడ కథాసంపుటికి అంతర్జాతీయ బుకర్ బహుమతి ప్రకటించినారు. బానూ ముష్తాక్ 1990 మొదలు 2023 వరకు వ్రాసిన కథలలో పన్నెండింటిని ఏర్చి దీపా భాస్తి ఆంగ్లంలోకి తెచ్చిన గ్రంథమది. పేరు 'హార్ట్ లాంప్'. కన్నడ గ్రంథానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. కథల సంపుటికి దక్కడమూ అదే మొదటిసారి. మరునాడు ఒక మిత్రుడు నన్ను అడిగినాడు: "మీరు అనువాదకులు కదా, ఆమె కథలు చదివే ఉంటారు?" చదవలేదని ఒప్పుకొన్నాను. వారం రోజులలో పుస్తకం తెప్పించి చదివినాను. కథలు నచ్చినవి. కాని పుస్తకం మూసిన తరువాత మనసులో మిగిలినది సంతోషం కాదు, సిగ్గు. హాసన్ మనకు ఒక రాత్రి ప్రయాణం. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా వస్తున్న కథలు నా చేతికి లండను మీదుగా వచ్చినవి.

ఈ సిగ్గు నా ఒక్కడిది మాత్రమే ఐతే పత్రికకు ఎక్కించవలసిన పని లేదు. మనలో చాలామందికి దీనిలో భాగమున్నదని తోచి, నా అనుభవంలోని నాలుగు మాటలు తోటి రచయితల ముందు పెడుతున్నాను.

ఆ సంపుటికి పేరిచ్చిన కథకు కన్నడంలో పేరు 'ఎదెయ హణతె'. ఎద మనకూ ఎదే. హణతె అంటే మట్టి ప్రమిద. ఆంగ్లంలోని పేరును మాత్రమే చూచి తెలుగు చేయబోయేవాడి కలానికి మొదట తగిలే మాట 'హృదయదీపం'. అది తప్పని ఎవరూ అనలేరు. కాని హృదయదీపం ఏ ఇంటిలోనూ వెలిగేది కాదు, సన్మానపత్రాలలో వెలిగేది. ప్రమిద అన్నప్పుడు మట్టి ఉన్నది, నూనె ఉన్నది, వత్తి ఉన్నది, గాలి వీస్తే అడ్డం పెట్టే అరచేయి ఉన్నది. కన్నడంలో ఉన్న వస్తువు తెలుగులోనూ ఉన్నది. నడుమ ఆంగ్లంలో ఆ వస్తువు కరిగి ఒక భావంగా మారితే, మనం ఆ భావాన్ని తెచ్చుకొని, మన గూట్లో ఉన్న ప్రమిదను మరచిపోతాము.

ఇది ఒక మాట సంగతి. కథ మొత్తమే మారిపోయే సంగతి ఇంకొకటి ఉన్నది. దానికి దృష్టాంతం నా తప్పే.

పదిహేనేళ్ళ క్రిందట ఒక మాసపత్రిక కొరకు ఒక కన్నడ కథను తెలుగు చేసినాను. నాకు అప్పటికి కన్నడం రాదు. ఆంగ్లానువాదం ముందు పెట్టుకొని చేసినాను. కథ ఒక ఉమ్మడి కుటుంబానిది. ఇద్దరు స్త్రీలు ఒకే వంటింట ఏళ్ళ తరబడి వాదులాడుకొంటూ బ్రతుకుతారు. ఆస్తి పంపకాలైన రాత్రి చిన్నామె తన చెవుల కమ్మలు తీసి, నిద్రపోతున్న పెద్దామె కొంగున ముడివేసి, తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. ఆంగ్లంలో వారిద్దరికీ ఉన్న వరస 'సిస్టర్ ఇన్ లా'. చిన్నామె భర్త కథలో ఎక్కడా ఎదుటికి రాడు. ఆమె పుట్టింట చేరిన ఆడబిడ్డ అనుకొన్నాను. పెద్దామెను 'వదినా' అని పిలిపించినాను. అచ్చులో చూచుకొని అనువాదం చక్కగా కుదిరిందని మురిసినాను కూడా.

నెల తిరగకముందే మడకశిర ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం వ్రాసినారు. ఆమె రెండు భాషలూ ఇంట మాట్లాడేవారు. "అయ్యా, వాళ్ళు వదినా ఆడబిడ్డలు కారు, తోడికోడళ్ళు. కన్నడంలో ఓరగిత్తి అంటాము. మూలంలో చిన్నామె పెద్దామెను 'అక్కా' అని పిలుస్తుంది. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నారు గాని ఆ ఇద్దరాడవాళ్ళు పంచుకోలేకపోయినారు. కథ అదే కదండీ?" అని అడిగినారు.

కథ అదే. నేను వ్రాసినది మరొకటి. ఇంటి ఆడపడుచు పోతూ పోతూ వదినకు కమ్మలు ఇస్తే అది ప్రేమ. పుట్టింటి మీద మమకారం. రెండు వేరు వేరు ఇండ్ల నుంచి వచ్చి, ఒకే పొయ్యి దగ్గర పోటీపడి, మగవారి లెక్కలలో ఏ వాటాకూ రాని ఇద్దరు స్త్రీలలో ఒకామె ఆ పని చేస్తే దాని అర్థం వేరు. అది పంపకానికి ఒక ఆడది చెప్పిన జవాబు. ఒక్క వావి తప్పినందువల్ల జవాబు పోయి జాలి మిగిలింది. పాఠకురాలికి క్షమాపణ వ్రాసుకొన్నాను. ఆ నెలలోనే కన్నడ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినాను. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు గనుక అక్షరాలకు వారం చాలినది. భాషకు మాత్రం ఏళ్ళు పట్టినవి. ఇప్పటికీ నిఘంటువు ప్రక్కన లేనిదే చదువలేను.

ఆంగ్లం పేదభాష అని నేను అనడంలేదు. ఆ సంఘానికి అక్కరలేని భేదాలను ఆ భాష ఉంచుకోలేదు, అంతే. మనకు వదిన, మరదలు, ఆడబిడ్డ, తోడికోడలు నలుగురూ వేరు వేరు మనుషులు. వారితో మాట్లాడే తీరు వేరు, హాస్యమాడే హద్దు వేరు. తోడికోడలినే తెలంగాణలో యారాలు అంటారు; ఆ మాటలో వినిపించే ఇల్లు మళ్ళీ వేరు. పెదతండ్రి, పినతండ్రి, మేనమామ ఆంగ్లంలో ఒకే 'అంకుల్' కావచ్చును. మన కథలో మేనమామ పిల్లనిచ్చేవాడు, పినతండ్రి పొలం గట్టు జరిపేవాడు. వీరిలో ఎవరు గడపలో అడుగు పెట్టినారో తెలియకపోతే కథలో ఏమి జరుగబోతున్నదో పాఠకుడికి తెలియదు.

కన్నడ తమిళాలతో మనకు మేనరికం ఉమ్మడి. మామ కూతురు అనగానే మూడు భాషల పాఠకులూ ఒకే సంగతి ఊహించుకొంటారు. కథకుడు ఆ ఊహను నమ్ముకొని చెప్పవలసిన దానిలో సగం చెప్పకుండా వదిలివేస్తాడు. ఆంగ్లంలో ఆమె 'కజిన్' కాగానే అతడు వదిలిన మౌనానికి అర్థం లేకుండా పోతుంది. వంగదేశంలో సంగతి వేరు. అక్కడి హిందూ కుటుంబాలలో మామ కూతురు చెల్లెలే. ఆమెను తెలుగులో 'మరదలు' అన్నామా, కథలో లేని పెండ్లి ఆశ ఒకటి మొదటి పుటలోనే పుట్టుకొస్తుంది. బానూ ముష్తాక్ చిత్రించే ముస్లిం కుటుంబాలలో ఇంకొక తీరు. పినతండ్రి బిడ్డతోనూ వివాహం చెల్లుతుంది. అక్కడ 'అన్న' అని వ్రాసినా చిక్కే, 'బావ' అని వ్రాసినా చిక్కే. ఇటువంటిచోట అనువాదకుడు ఎవరిని అడుగవలె? ఆంగ్ల ప్రతిని అడిగి లాభం లేదు. మూలాన్ని అడుగవలె, ఆ పిదప మన సాహిత్యాన్నే అడుగవలె. 1999లో వచ్చిన ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' మొదలు 2004 నాటి 'వతన్' సంకలనం వరకు, ఆ పిమ్మట వచ్చిన కథలలోనూ, తెలుగు ముస్లిం ఇండ్లలో ఎవరిని ఏమని పిలుస్తారో మన రచయితలే వ్రాసి పెట్టినారు. ఆ మాటలు మన అలమరలోనే ఉన్నవి. దూరపు దారిన పోయేవాడికి దగ్గరి అలమర కనిపించదు.

మన పెద్దలు ఈ పని ఎట్లా చేసినారో తలచుకొంటే విచారమూ ధైర్యమూ ఒకేసారి కలుగుతవి. శరత్ చంద్ర చట్టోపాధ్యాయుడు తెలుగువాడేనని అనుకొన్న పాఠకులు ఉండేవారని పెద్దలు చెప్పగా విన్నాము. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారు ఆ నవలలను మన ఇండ్లలోకి నడిపించి తెచ్చినారు. శరత్ బాబు 'నిష్కృతి' 1957లో తెలుగు చలనచిత్రమైనప్పుడు దానికి పెట్టిన పేరు 'తోడికోడళ్ళు'. వంగభాషలో తోడికోడలికి 'జా' అని ఒక మాట ఉన్నది. తెలుగులో ఒక మాట ఉన్నది. ఆ రెంటి నడుమ ఆంగ్లం అడ్డు రాలేదు గనుకనే ఆ పేరు పెట్టగలిగినారని నా నమ్మకం. శివరామ కారంత 'మరళి మణ్ణిగె' తిరుమల రామచంద్రగారి చేతిలో 'మరల సేద్యానికి' అయినది. విభూతిభూషణుని 'ఆరణ్యక్' సూరంపూడి సీతారాం చేతిలో 'వనవాసి' అయినది. ఈ రెండు పేర్లనూ ఒకసారి పైకి చదివి చూడండి. వేరొక భాష నుంచి వచ్చినవన్న సంగతి గుర్తుకు రాదు.

దీనికి ఎదురు వాదం ఉన్నది. అది బలమైనదే గనుక దాచరాదు. క్రొవ్విడి లింగరాజుగారి 'అమ్మ' గోర్కీ రష్యన్ నుంచి నేరుగా వచ్చినది కాదు. ఐనా ఆ పుస్తకం ఒక తరాన్నే కదిలించినది. ఆంగ్లం లేకపోతే ప్రపంచ సాహిత్యంలో మనకు అందేది బహు స్వల్పం. అంతేకాదు, ఆంగ్లానువాదకులందరూ మూలాన్ని చదును చేసేవారు కారు. దీపా భాస్తి కన్నడ, ఉర్దూ, అరబ్బీ మాటలను వాలు అక్షరాలలో వేరుచేసి చూపడానికి ఒప్పుకోలేదు, అధోజ్ఞాపికలు పెట్టలేదు. ఆంగ్ల పాఠకుడే రెండడుగులు ముందుకు రావాలని ఆమె పట్టు. ఆ పట్టుదల మనం నేర్చుకోదగినది. 2018 నుంచి 2024 వరకు ఏడుసార్లు ఇచ్చిన జేసీబీ నవలా బహుమతి అయిదుసార్లు భారతీయ భాషల నుంచి వచ్చిన అనువాదాలకే దక్కినది. మలయాళ, ఉర్దూ, తమిళ నవలలు దేశమంతటా చర్చకు వచ్చినవంటే ఆంగ్లం చేసిన మేలు అందులో ఉన్నది.

ఇదంతా ఒప్పుకొంటూనే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. రష్యా దూరమైనది గనుక వంతెన కావలసి వచ్చినది. ప్రక్క వాకిటికి పోవడానికి వంతెన ఎందుకు? నేడు ఒక కన్నడ నవల తెలుగులోకి రావలెనంటే ముందు ఆంగ్లంలో పేరు తెచ్చుకోవలసి వస్తున్నది. అప్పుడుగాని మనకు ఆ పుస్తకం ఉన్నట్టు తెలియదు. అనగా మన పొరుగువారిలో ఎవరు చదువదగినవారో మనకు దూరపువారు నిర్ణయించి చెబుతున్నారు. వారికి నచ్చని పొరుగు రచయిత ఎంత గొప్పవాడైనా మనకు లేనివాడే. పోయిన వావి కంటె ఈ నష్టం పెద్దది. తప్పు అనువాదాన్ని మడకశిర పాఠకురాలు దిద్దగలదు. అసలు రాని పుస్తకాన్ని గురించి ఉత్తరం వ్రాసేవారు ఎవరు?

నేరుగా పనిచేసేవారు లేరని కాదు. రంగనాథ రామచంద్రరావుగారు కన్నడం నుంచి వరుసగా తెస్తున్నారు. వసుధేంద్ర 'తేజో తుంగభద్ర' అట్లా మనకు వచ్చినదే. గౌరీ కృపానందన్ గారు తమిళ తెలుగుల నడుమ ఇరువైపులా నడిచేవారు. ఓల్గా 'విముక్త'ను 'మీట్చి'గా తమిళులకు అందించి 2015 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి పొందినారు. కాని ఇటువంటివారిని వేళ్ళ మీద లెక్కించవలసి వస్తున్నది. ఒరియా, మరాఠీల దగ్గరకు వస్తే ఆ వేళ్ళూ మిగిలిపోతున్నవి.

ఈ పత్రిక చదివేవారిలో అనేకులు తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్నవారు. బెంగుళూరులో, చెన్నపట్నంలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, ఖరగ్‌పూరులో ఉన్నవారు. కూరగాయల అంగడిలో ఒక భాష, ఇంట ఒక భాష మాట్లాడుతూ రోజు గడిపేవారు. సాహిత్యపు రాజధానులకు దూరంగా ఉన్నామని వారు తరచు నొచ్చుకోవడం విన్నాను. నిజానికి ఈ పనికి వారికంటె దగ్గరివారు లేరు. బడిలో నేర్వని భాషను బజారులో నేర్చినవారికి వావి తప్పదు. వారు ఏడాదికి ఒక్క కథను నేరుగా తెలుగు చేసినా మన పత్రికల ముఖం మారుతుంది.

మిగిలినవారికి, అనగా నావంటివారికి, రెండు చిన్న మనవులు. అనువాద గ్రంథం లోపలి పుటలో ఏ భాష నుంచి చేసినదో స్పష్టంగా అచ్చువేయించండి. మూలం కన్నడం, అనువాదం ఆంగ్లం నుంచి ఐతే ఆ మాట చెప్పడంలో చిన్నతనం లేదు, దాచడంలో ఉన్నది. రెండవది, ఆంగ్లం నుంచి చేయక తప్పనప్పుడు మొదటి వాక్యం వ్రాయకముందే కథలోని మనుషులందరికీ ఒక వావి పట్టిక వ్రాసుకొని, మూలభాష తెలిసినవారు ఒకరికి పంపండి. ఒక కాగితం, ఒక తపాలా బిళ్ళ. నేను ఆ పని చేయనందుకు ఒక కథ చెడినది.

ఆ కథను మొన్న వేసవిలో కన్నడంలో మళ్ళీ చదివినాను. తప్పు దిద్ది, ఈసారి మూలం నుంచే మొదటి నుంచి తిరిగి వ్రాసినాను. చిన్నామె చీకటిలో కమ్మలు ముడివేసేచోట ఒకే ఒక మాట అంటుంది. ఆ మాట 'అక్కా'. అది కన్నడంలోనూ అదే, తెలుగులోనూ అదే. అక్కడ నేను అనువదించవలసినది ఏమీ లేకపోయినది.