దీవులన్నిటికీ ఒక గొంతు

మే 11 దగ్గర పడుతుంటే నాకు వెస్టిండీస్ క్రికెట్ కామెంటేటర్ టోనీ కోజియర్ గుర్తొస్తారు. 2016లో ఆ రోజు బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో, తను పుట్టిన ఊళ్లోనే, 75 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మన ఇళ్లలో కామెంటేటర్ టోనీ అంటే ముందు టోనీ గ్రెగే. 1998లో షార్జాలో సచిన్ కొట్టిన షాట్లతో పాటు గ్రెగ్ కేకలు కూడా మనకు కంఠతా వచ్చేశాయి. గ్రెగ్ అంటే నాకూ ఇష్టమే. కానీ సాయంత్రం ఏడున్నరకి మొదలై తెల్లవారుజాము దాకా సాగే వెస్టిండీస్ టెస్టుల్ని నిద్ర ఆపుకుని చూసినవాళ్లకు తోడున్న గొంతు కోజియర్‌ది. బార్బడోస్ యాసలో, తొందర లేకుండా, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు ఉండేది. ఆయనదంటూ చెప్పుకోవడానికి ఊతపదం ఒక్కటీ లేదు. ఆ లేకపోవడమే నాకు నచ్చింది.

ఆయన ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడలేదు. వాండరర్స్, కార్ల్‌టన్ క్లబ్బులకి ఆడారు. హాకీలో బార్బడోస్ జట్టు గోల్‌కీపర్. అంతే. తండ్రి జిమ్మీ కోజియర్ పత్రికా సంపాదకుడు. కొడుక్కి పదిహేనేళ్లు నిండకముందే, 1955లో ఆస్ట్రేలియా జట్టు వచ్చినప్పుడు, సెయింట్ లూసియా పత్రికకి మ్యాచ్ వార్తలు రాసే పని అప్పజెప్పారు. తర్వాత కెనడా వెళ్లి జర్నలిజం చదువుకుని వచ్చారు. 1965లో రేడియోలో టెస్టు కామెంటరీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికే బీబీసీ పిలిచింది. ఏ మైకు ముందు కూర్చున్నా ఆయన విలేకరే. ముందు ఏం జరిగిందో చెప్పేవారు, తన అభిప్రాయం ఆ తర్వాతే.

ఇక్కడొక సంగతి మనం మర్చిపోతుంటాం. వెస్టిండీస్ అనే దేశమేదీ లేదు. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్, దక్షిణ అమెరికా నేల మీదున్న గయానా, ఇంకా చిన్న చిన్న దీవులు. ఎవరి జెండా వారిది, ఎవరి ప్రభుత్వం వారిది. 1958లో పది ప్రాంతాలు కలిసి ఒక సమాఖ్య కట్టుకుంటే నాలుగేళ్లకే చెదిరిపోయింది. మిగిలిన కొద్దిపాటి ఉమ్మడి ఆస్తుల్లో క్రికెట్ జట్టు ఒకటి. ఆ జట్టు ఎంపిక జరిగిన ప్రతిసారీ మా దీవి కుర్రాణ్ని తొక్కేశారన్న కోపం ఏదో ఒక మూల రగులుతుంది. 1992లో, అదీ బ్రిడ్జ్‌టౌన్‌లోనే, బార్బడోస్ బౌలర్ ఆండర్సన్ కమిన్స్‌ని తీసుకోలేదని జనం దక్షిణాఫ్రికా టెస్టుని బహిష్కరించారు. సొంత జట్టు 52 పరుగులతో గెలుస్తుంటే చప్పట్లు కొట్టడానికి స్టేడియంలో మనుషుల్లేరు. అలాంటి చోట యాభై ఏళ్లు మైకు ముందు కూర్చుని, ఫలానా దీవి పక్షం అనిపించుకోకుండా బతకడం ఎంత కష్టమో ఆలోచించండి. కోజియర్ స్కాట్లండ్ మూలాలున్న తెల్లవాడు. రేడియోలో మాత్రమే విన్నవాళ్లు చాలామంది ఆయన్ని నల్లవాడే అనుకునేవారట. ఎదురుపడ్డాక ఆశ్చర్యపోయేవారట. నా దృష్టిలో ఒక కామెంటేటర్‌కి అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

పనితనం దగ్గరికొస్తే, ఒకే రోజున టీవీలో కాసేపు, రేడియోలో కాసేపు చెప్పి, సాయంత్రం పత్రికకి రాసి పంపేవారు. ఇది కేవలం ఓపిక ఉంటే అయ్యే పని కాదు. రేడియోలో వినేవాడికి కళ్లు మనమే. ఫీల్డరు ఎక్కడున్నాడు, గాలి ఎటు వీస్తోంది, స్కోరెంత, అన్నీ మాటిమాటికీ చెప్పాలి. అప్పుడే రేడియో పెట్టినవాడు ఒకడుంటాడుగా! టీవీకి వచ్చేసరికి అవే మాటలు అడ్డం. ఒక గదిలోంచి పక్క గదిలోకి నడిచేలోపు ఈ అలవాటు వదిలి ఆ అలవాటు తెచ్చుకోవాలి. రెండింట్లోనూ అంత సులువుగా ఒదిగినవాళ్లను నేను ఇంకెవర్నీ వినలేదు.

లెక్కలన్నీ ఆయన దగ్గరుంటాయని తోటివారికి ఎంత నమ్మకమో చూపడానికి ఒక కథ చెబుతారు. బీబీసీలో బ్రయాన్ జాన్‌స్టన్‌కి అల్లరి ఎక్కువ. వర్షానికి ఆట ఆగినప్పుడు, కోజియర్ గదిలో అడుగుపెట్టగానే, ప్రసారం నడుస్తున్నట్టు నటిస్తూ, వెస్టిండీస్ ఆటగాళ్లందరి సగటులూ వయసులూ ఇప్పుడు టోనీ చెబుతారని మైకు అప్పగించారు. పాపం, ఆయన కంగారుగా కాగితాలు వెతుక్కున్నారు. నిజానికి ఆ లెక్కల పుస్తకాలు తయారుచేసిందే ఆయన. వెస్టిండీస్ క్రికెట్ వార్షిక సంచికలు 22 వచ్చాయి, అన్నిటికీ ఆయనే సంపాదకుడు.

కోజియర్ గొంతు వినిపించిన ఆ దీవులకీ మనవాళ్లకీ బంధం పాతదే. 1971లో వెస్టిండీస్ వెళ్లిన జట్టులో హైదరాబాద్ వాళ్లు అయిదుగురు: జైసింహ, ఆబిద్ అలీ, వికెట్‌కీపర్ కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో తొలిసారి వెస్టిండీస్‌ని ఓడించినప్పుడు గావస్కర్‌తో పాటు క్రీజులో ఉన్నది ఆబిద్ అలీ. 1997లో బ్రిడ్జ్‌టౌన్‌లో మన జట్టు 120 కొట్టలేక 81కి కూలిపోయిన రోజున రెండంకెల స్కోరు చేసిన ఒకే ఒక్కడు మన లక్ష్మణ్, 19. ఆ రాత్రి బాధ ఇంకా నాలో ఉంది.

వెస్టిండీస్ జట్టు దిగజారుతున్న ఏళ్లలో కోజియర్ రాతల్లో దుఃఖం కనిపించేది, మొహమాటం కనిపించేది కాదు. అక్కడి క్రికెట్ బోర్డు తప్పుల్ని పేరుపేరునా రాశారు. ఆఖరి రోజుల్లో ఆ తగవు కోర్టు దాకా వెళ్లింది. ఆయన చూపు సరిగా లేదని బోర్డు పెద్దే అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒక్క ఊరట ఏమిటంటే, 2016 ఏప్రిల్ 3న ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే రోజున టీ20 ప్రపంచకప్పులు గెలవడం ఆయన బతికుండగానే జరిగింది. ఆఖరి ఓవర్లో వరసగా నాలుగు సిక్సర్లు కొట్టిన బ్రాత్‌వెయిట్ బార్బడోస్ కుర్రాడు. ఆ పేరుని ప్రపంచానికి చాటి చెప్పిన కామెంటేటర్ ఇయాన్ బిషప్‌ది ట్రినిడాడ్.

బ్రిడ్జ్‌టౌన్ కెన్సింగ్టన్ ఓవల్‌లో స్టాండ్లకి మహామహుల పేర్లున్నాయి. ప్రెస్ బాక్సుకి కోజియర్ పేరుంది. ఇవాళ ఏ దేశంలో చూసినా కామెంటరీ గదుల నిండా మాజీ ఆటగాళ్లే. బంతి ఎందుకు తిరిగిందో వాళ్లు చెప్పినట్టు ఇంకొకరు చెప్పలేరు, నిజమే. అయితే ఆట కథని మొదటి నుంచీ పట్టుకుని నడిపించే విలేకరి కుర్చీ ఖాళీ అయిపోయింది. ఐపీఎల్ పుణ్యమా అని కామెంటరీ తెలుగులో కూడా వస్తోంది కదా, ఆ కుర్చీ మన దగ్గరైనా వేయమని ప్రసార సంస్థల్ని అడుగుతున్నాను. కడపలోనో కరీంనగర్‌లోనో జిల్లా మ్యాచ్‌లకి స్కోరు రాస్తూ తిరిగే పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లను పిలిచి ముందు కోజియర్ పాత రేడియో కామెంటరీ వినిపించండి. గంటలో ఎన్నిసార్లు స్కోరు చెప్పారో లెక్కపెట్టమనండి.